మా అమ్మాయి లెక్కల పుస్తకం వెనక బొమ్మలు: అడగడమే తప్పా?

నాగావళి_గట్టు

మాది రాయగడ. మా అమ్మాయికి పదిహేనేళ్లు, ఈ ఏడు మెట్రిక్ రాయాలి. చదువంతా ఒడియా మాధ్యమంలోనే సాగింది, ఇంట్లో మాత్రం తెలుగే మాట్లాడుకుంటాం. పది రోజుల క్రితం కరెంటు బిల్లు వెతుకుతూ తన లెక్కల నోటుపుస్తకం తిరగేస్తే, చివరి పేజీ నుంచి వెనక్కి దాదాపు ఇరవై పేజీల నిండా నల్ల బాల్‌పెన్నుతో గీసిన బొమ్మలు కనిపించాయి. తలుపులు లేని ఇల్లు ఒకటి మళ్లీ మళ్లీ ఉంది. నోరు లేని అమ్మాయి ముఖం ఉంది. ఒక పేజీలోనైతే బొమ్మంటూ ఏమీ లేదు, కాగితం చిరిగేంత గట్టిగా గీసిన గీతలే. నాకు కంగారు పుట్టి, ఆ రాత్రి భోజనాల దగ్గర అందరి ముందూ పుస్తకం పెట్టి "ఏమిటివి, ఎవరిని చూసి నేర్చుకున్నావు?" అని అడిగాను. తను మారు మాట్లాడకుండా కంచం ముందు నుంచి లేచి వెళ్లి, ఆ పేజీలన్నీ చింపేసింది. అప్పటి నుంచి బొమ్మలు మానేసింది, నాతో మాటలూ మానేసింది. నేను కొట్టలేదు, తిట్టలేదు. అడగడమే తప్పా? ఆ బొమ్మలకు అర్థమేమిటో తెలిసినవారు చెబితే ఎక్కడికి తీసుకువెళ్లాలో తేల్చుకుంటాను.

బరంపురం_జరీ

మెట్రిక్ ఏడాదిలో పిల్లలు నవ్వుతూ తిరిగే ఇల్లు ఎక్కడైనా ఉంటే చెప్పండి, వెళ్లి చూసి వస్తాను. మా ఇంట్లో ఇద్దరు రాశారు, ఇద్దరూ ఆ ఏడాదంతా మాతో కయ్యానికి కాలు దువ్వుతూనే ఉన్నారు. పరీక్షలు అయిపోతే అన్నీ సర్దుకుంటాయి.

కిమిడి_కోట

నల్లరంగు ఎక్కువగా వాడితే కుంగుబాటు అని, ఇంటికి తలుపు లేకపోతే మనసు మూసుకుపోయిందని, ముఖానికి నోరు లేకపోతే ఎవరో ఆ పిల్లను మాట్లాడనివ్వడం లేదని ఒక వీడియోలో వివరంగా చెప్పారు. మీ అమ్మాయి బొమ్మల్లో ఈ మూడూ ఉన్నాయి. ఆలస్యం చేయకండి.

సందేహాలరావు

కోటగారూ, నల్ల బాల్‌పెన్నుతో గీసిన బొమ్మ నల్లగా కాక చిలకపచ్చగా వస్తుందా? లెక్కల పీరియడ్‌లో ఆ పిల్ల చేతిలో ఉన్నది ఆ పెన్నొక్కటే. నేను చదువుకునే రోజుల్లో ప్రతి పుస్తకం వెనకా కత్తులూ పుర్రెలూ గీసేవాణ్ణి, ఇప్పుడు శుభ్రంగా బ్యాంకులో గుమాస్తాగా కూర్చున్నాను. ప్రతి గీతనూ జబ్బు కింద జమకట్టడం ఈ మధ్య వచ్చిన అలవాటు.

గుణుపురం_మాష్టారు

రంగును చూసి మనసును లెక్కకట్టే పద్ధతి మీద రావుగారికున్న అనుమానం నాకూ ఉంది. అయితే "ఏమీ లేదులే" అని ఆయన తేల్చేసిన తీరుతో నేను ఏకీభవించలేను. ఇరవై రెండేళ్లు ఉన్నత పాఠశాలలో చిత్రలేఖనం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి కనుక నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను.

గంజాం వైపు నుంచి వచ్చి మేనమామ ఇంట్లో ఉంటూ చదివిన కుర్రాడు ఒకడు నా తరగతిలో ఉండేవాడు. తండ్రి సూరత్ మగ్గాల్లో పనికి వెళ్లి రెండేళ్లుగా ఇంటి ముఖం చూడలేదు. ఆ కుర్రాడు ఎప్పుడు బొమ్మ వేసినా తామరపూలు, దీపాలు, నెమళ్లు, అన్నీ ముచ్చటైన రంగుల్లో వేసేవాడు. సరస్వతీ పూజకు మంటపం వెనక తెర మీద బొమ్మ వేయాలంటే అందరమూ వాణ్ణే పిలిచేవాళ్లం. వాడు మధ్యాహ్న భోజనం ముట్టుకోవడం మానేశాడన్న సంగతి వంటామె గమనించి చెప్పేదాకా మాలో ఒక్కరికీ తట్టలేదు. బొమ్మలు అంత కళకళలాడుతూ ఉంటే పిల్లవాడు అంతా బాగానే ఉన్నాడనుకున్నాం. నల్లరంగు వేసినవాడిని చూసి ఉలిక్కిపడే మనం పసుపురంగు వేసినవాడిని చూసి నిద్రపోతాం.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ గుర్తుకు వచ్చే వ్యక్తి ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు యూదులను నిర్బంధించిన తెరెజిన్ శిబిరంలో, ఇప్పటి చెక్ దేశంలో ఉంది అది, ఆమె పిల్లలకు రహస్యంగా చిత్రలేఖనం నేర్పింది. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించి చంపేశారు. వెళ్లేముందు పిల్లల బొమ్మలను రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచిపెట్టడం వల్ల సుమారు 4,500 బొమ్మలు బతికి బయటపడ్డాయి, అవి ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో చాలావాటిలో ఏముందో తెలుసా? పూలు, పచ్చిక బయళ్లు, వదిలి వచ్చిన ఇళ్లు, సీతాకోకచిలుకలు. అంతకంటే నరకం ఉండదు, అయినా పిల్లలు పూలు వేశారు. ఆమె వాళ్లను "నీ బాధ గీయి" అని అడగలేదు. గీత ఎలా నడుస్తుందో, వెలుగు ఎక్కడ పడుతుందో నేర్పింది, బొమ్మ మీద వాళ్ల పేరు వాళ్లచేతనే రాయించింది. అంకె వేసి పిలిచే చోట పేరు రాయించడం ఎంత పెద్ద పనో ఆలోచించండి. ఆమె శిష్యురాలు ఈడిత్ క్రేమర్ తరవాత అమెరికా వెళ్లి, పిల్లలకు చిత్రకళ ద్వారా చికిత్స చేసే పద్ధతికి పునాది వేసినవారిలో ఒకరయ్యారు.

కనుక నాగావళిగారూ, ఆ బొమ్మల అర్థం మమ్మల్ని అడగకండి. మేము చెప్పేవన్నీ సోది అవుతాయి.

నాగావళి_గట్టు

మాష్టారూ, మరి ఎవరిని అడగాలి? తను చెప్పదు, మీరు చెప్పరు.

ఆకుపచ్చ_చీటీ

నేను క్లినికల్ సైకాలజిస్టును, ఈ సరిహద్దు జిల్లాల్లోనే పని చేస్తున్నాను. మొదటి మాట: మీరు వర్ణించిన బొమ్మలను బట్టి మీ అమ్మాయికి ఏముందో నేను చెప్పలేను, ఇంకెవరూ చెప్పలేరు. కోటగారు చూసిన వీడియోలోని మాటలకు మూలం లేకపోలేదు. జాన్ బక్ అనే అమెరికన్ 1948లో ఇల్లు, చెట్టు, మనిషి బొమ్మలు వేయించి వ్యక్తిత్వాన్ని అంచనా వేసే పరీక్ష ఒకటి ప్రవేశపెట్టాడు. తలుపులు, కిటికీలు, నోళ్ల గురించిన వ్యాఖ్యానాలు చాలావరకు ఆ దారిలో వచ్చినవే. అయితే ఇలా ఒక్కొక్క గుర్తుకూ ఒక్కొక్క అర్థం చెప్పే పద్ధతి నమ్మదగినది కాదన్న విమర్శ దశాబ్దాలుగా ఉంది. ఇప్పుడు బాధ్యత తెలిసిన వైద్యులెవరూ బొమ్మ ఒక్కదాన్ని చూసి జబ్బు పేరు పెట్టరు.

రెండో మాట: బొమ్మలు వదిలేసి మనిషిని చూడండి. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, స్నేహితురాళ్లతో ఎప్పటిలాగే ఉంటోందా, ఇదివరకు ఇష్టపడి చేసిన పనులు వదిలేసిందా, ఊరికే ఏడవడం, చిరాకు పడటం ఉన్నాయా? ఇవి రెండు వారాలకు మించి సాగితే చూపించాలి. చచ్చిపోవాలని ఉందన్నా, ఒంటి మీద తను చేసుకున్న గాయాలు కనిపించినా రెండు వారాలు ఆగకూడదు, తనను ఒంటరిగా వదలకూడదు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీమానస్ సేవ, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు.

రావుగారూ, మీరు పుర్రెలు గీసి బాగున్నందుకు సంతోషం. కానీ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. అంటే నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరో ముగ్గురో. మీ తరగతిలోనూ ఉండే ఉంటారు. వాళ్లు పుర్రెలు గీసి ఉండకపోవచ్చు.

నాగావళిగారూ, అడగడం తప్పు కాదు. అడిగిన చోటు తప్పు. ఆ పుస్తకం భోజనాల బల్ల మీదికి రావడమే తనకు అవమానం.

సందేహాలరావు

ఒప్పుకున్నాను. మా తరగతిలో ఒకడు తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేశాడు. చాలా నెమ్మదైనవాడు. ఎందుకు మానేశాడని ఈ రోజు వరకూ ఎవరమూ అడగలేదు.

ఖాతా_చివరిపేజీ

నాకు పందొమ్మిదేళ్లు, జయపురంలో డిగ్రీ చదువుతున్నాను. ఈ చర్చలో ఆ అమ్మాయి వయసుకు దగ్గరగా ఉన్నది నేనొక్కదాన్నేనేమో అనిపించి రాస్తున్నాను.

నేను తొమ్మిదిలో ఉండగా నాయనమ్మ పోయింది. నాకు తెలుగు మాటలన్నీ ఆవిడ నోటివే. బెంగ వేరు, దిగులు వేరు, గుబులు వేరు అని ఆవిడకు తెలుసు. ఆవిడ పోయాక మా ఇంట్లో అన్నిటికీ ఒకటే మాట మిగిలింది, టెన్షన్. బడిలో స్నేహితురాళ్లు అడిగితే "మన భల లాగుని" అనేదాన్ని. మనసు బాగాలేదని అర్థం. అది అబద్ధం కాదు, కానీ జ్వరమొచ్చినా, మార్కులు తగ్గినా, వాన వల్ల ఆటలు ఆగిపోయినా అదే మాట అంటాం కదా. నాకున్నది అంతకంటే పెద్దది. రెండు భాషలు వచ్చినా ఆ సంగతి చెప్పడానికి రెండింటిలోనూ మాట దొరకలేదు. అప్పుడు నాయనమ్మ చేతులు గీయడం మొదలుపెట్టాను. ముఖం గీయడానికి ధైర్యం చాలలేదు. బియ్యం ఏరుతున్న చేతులు, జడ అల్లుతున్న చేతులు, ఊరికే ఒళ్లో పెట్టుకున్న చేతులు.

మా అమ్మ ఆ బొమ్మలు చూసింది. ఆవిడ మీలా అడగలేదు, అంతకంటే పెద్ద పొరపాటు చేసింది. బాగున్నాయని మురిసిపోయి ఒకదానికి అద్దం కట్టించి హాల్లో పెట్టింది, ఫొటో తీసి బంధువులందరికీ పంపింది. వచ్చినవాళ్లందరూ "ఎంత బాగా వేసింది, పోటీలకు పంపండి" అన్నారు. నేను ఏడాది పాటు పెన్సిల్ ముట్టుకోలేదు. తిడితే కోపమైనా వచ్చేది, పొగిడితే ఏం చేయగలను?

బరంపురం_జరీ

ఈ పిల్ల మాటలు చదివి, మా పెద్దవాడి బొమ్మను నేను వాట్సాప్‌లో పెట్టినది ఇప్పుడే తీసేశాను. వాడికిప్పుడు ఇరవై ఆరేళ్లు, అయినా తీసేశాను.

నాగావళి_గట్టు

అమ్మా, ఏడాది తరవాత మళ్లీ ఎలా మొదలుపెట్టావు?

ఖాతా_చివరిపేజీ

మా మేనమామ బోర్డులు రాసే పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని తగ్గిపోయి, ఇప్పుడు ఎక్కువగా లారీల వెనక రాస్తారు. ఒక వేసవిలో అక్షరాలకు నీడ కట్టడానికి మనిషి కావాలని నన్ను పిలిచారు. గుండ్రటి ఒడియా అక్షరాలకు ఒక పక్కంతా సన్నగా నల్లరంగు నింపుతూ పోవాలి, చేయి వణికితే అక్షరం పాడవుతుంది. ఆయన ఒక చివర, నేను ఒక చివర, ఇద్దరి ముఖాలూ లారీ వైపే ఉండేవి. నాలుగో రోజో ఐదో రోజో నాయనమ్మ గురించి నాకు తెలియకుండానే మాట్లాడటం మొదలుపెట్టాను. ఆయన ఊఁ కొడుతూ కుంచె ఆపకుండా పని చేశారు. ఎదురుగా కూర్చుని కళ్లలోకి చూస్తూ అడిగి ఉంటే చెప్పి ఉండేదాన్ని కాదు. ఆయన నన్ను ఓదార్చిందీ లేదు, "ఆ ఒకటో అక్షరం మళ్లీ దిద్దు" అన్నారంతే.

గుణుపురం_మాష్టారు

ఇరవై రెండేళ్లు తరగతిలో నేను బల్లలను ఎదురెదురుగా వేయించాను. లారీ పక్కన నిలబెట్టి ఉండవలసింది.

బరంపురం_జరీ

మొదట కొట్టిపారేసినట్టు రాశాను కానీ, మా చిన్నవాడి సంగతి గుర్తుకొచ్చింది. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ యాత్రలో మొక్కు ఉండి వాడికి పులివేషం కట్టించాం. ఒళ్లంతా పసుపురంగు పూసి, నల్లచారలు దిద్దడానికి గంటలు పట్టింది. కదలకూడదు కనుక వాడు అలాగే నిలబడి, రంగు వేసే పెద్దాయనతో ఏవో కబుర్లు చెబుతూ ఉన్నాడు. ప్లస్ టూ కాలేజీలో తనను ఏడిపిస్తున్న కుర్రాళ్ల సంగతి మాకంటే ముందు ఆయనకే తెలిసింది. ఆయనే తరవాత మా వారిని పక్కకు పిలిచి చెప్పారు. ఒకటి మాత్రం నిజం, పులి అయ్యాక ఆ మూడు రోజులూ వాడు మా ఇంట్లో ఎవరి మాటా వినలేదు.

కోరాపుట్_కాఫీ

నలభై అయిదు నిమిషాలు బొమ్మలు వేస్తే 75 శాతం మందిలో ఒత్తిడి తగ్గుతుందని అమెరికాలో రుజువైంది. ఇంతకంటే ఏం కావాలి? రోజూ ఒక గంట పిల్లల చేత బొమ్మలు వేయించాలని బడులకు చెబితే సరిపోతుంది.

ఆకుపచ్చ_చీటీ

మీరు చెబుతున్నది గిరిజా కైమల్, ఆమె సహచరులు డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం. అందులో పాల్గొన్నది 39 మంది, అందరూ 18 నుంచి 59 ఏళ్ల పెద్దవాళ్లు. ఒత్తిడి వేళ శరీరంలో పెరిగే కార్టిసోల్ అనే హార్మోను లాలాజలంలో ఎంతుందో బొమ్మ వేయకముందు, వేశాక కొలిచారు. దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. మిగిలినవారిలో తగ్గలేదు, కొందరిలో పెరిగింది కూడా. అందులో నాకు నచ్చిన విషయం మరొకటి ఉంది. బొమ్మలు వేయడం ఇదివరకు వచ్చినవారికీ రానివారికీ పెద్ద తేడా కనిపించలేదు. కనుక "నాకు చేతకాదు" అని ఏ తండ్రీ తప్పించుకోనక్కరలేదు. అలాగని ఇది పదిహేనేళ్ల పిల్లల మీద చేసినది కాదు, కుంగుబాటుకు మందు అని చెప్పినదీ కాదు. రోజూ గంట అని టైంటేబుల్‌లో వేసి, చివర మార్కులు వేస్తే అది కూడా మరో లెక్కల పీరియడ్ అవుతుంది.

పనిలో పనిగా ఇంకో తేడా చెబుతాను. ఏడ్రియన్ హిల్ అనే బ్రిటిష్ చిత్రకారుడు క్షయతో శానిటోరియంలో పడి ఉన్నప్పుడు బొమ్మలు వేసుకుంటూ కోలుకున్నాడు, తోటి రోగులకూ నేర్పాడు. "ఆర్ట్ థెరపీ" అన్న మాటను 1942లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. అయితే ఒకరు తన కోసం గీసుకోవడం, శిక్షణ పొందిన మనిషి పక్కన ఉండి గీయించడం ఒకటి కావు. మొదటిది జయపురం అమ్మాయి చేసినది, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రెండోది కావలసివచ్చినప్పుడు, బోర్డు కట్టిన ప్రతి డ్రాయింగ్ క్లాసునూ నమ్మవద్దు. క్లినికల్ సైకాలజిస్టునని ఎవరైనా చెప్పుకుంటే భారత పునరావాస మండలి ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, అడిగితే మాకేమీ కోపం రాదు.

వంశధార_నీరు

అమెరికా, బ్రిటన్ దాకా ఎందుకు? గుణుపురం చుట్టుపక్కల సవర ఊళ్లలో ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో బొమ్మలు వేసేవారు. బొమ్మలతో మనసును బాగుచేయడం మన కొండల్లో తరతరాలుగా ఉన్నదే. మన పిల్లలకు ఆ బొమ్మలే నేర్పితే సరిపోతుంది.

కొండకింద_బడి

నేను సవరను, బడిలో పని చేస్తున్నాను. మంచి మనసుతోనే రాశారని తెలుసు కానీ ఇడితాల్ గురించి, మీరు చెప్పిన ఆ గోడ బొమ్మను మేము అలాగే పిలుస్తాం, ఇలా రాస్తే ఊరుకోలేను. అది ఒత్తిడి తగ్గించుకోవడానికి వేసే బొమ్మ కాదు. చనిపోయిన పెద్దలకు, దేవతలకు గోడ మీద కట్టి ఇచ్చే ఇల్లు. ఎవరి కోసం వేయాలో కుడాన్, అంటే మా పూజారి, చెబుతాడు. వేసేవాడు ముందు చట్రం గీసి, అంచు నుంచి లోపలికి నింపుకుంటూ వస్తాడు. అయిపోయాక కుడాన్ చూసి, ఇంకా ఏం కావాలో చెబితే అదీ చేరుస్తాడు. చీరల మీద, చేతిసంచుల మీద అచ్చు వేయడం ఎలాగూ మొదలైంది, ఇప్పుడు పరీక్షల భయానికి మందు కూడా చేయకండి.

అయితే మా తాతగారు గోడ మీద వేస్తుండగా చూసినవాణ్ణి కనుక ఒకటి చెప్పగలను. ఆ పని ఇంటివాళ్లందరి మధ్యా జరుగుతుంది. జబ్బుపడిన మనిషి అక్కడే ఉంటాడు. ఎవరూ అతణ్ణి "నీకేమయింది చెప్పు" అని నిలదీయరు. ఇల్లంతా ఒక గోడ వైపు చూస్తూ కూర్చుంటుంది. నాగావళిగారి ఇంట్లో ఆ రాత్రి అందరూ అమ్మాయి వైపు చూశారు.

గుణుపురం_మాష్టారు

నేను ఒక ఏడాది ఎనిమిదో తరగతి పరీక్షలో "సవర చిత్రం గీయుము, పది మార్కులు" అని ఇచ్చాను. ఒక సవర పిల్ల తెల్లకాగితం ఇచ్చి వెళ్లింది. సున్నా వేశాను. ఎందుకు గీయలేదో ఈ రోజు అర్థమైంది.

వంశధార_నీరు

సరిదిద్దినందుకు ధన్యవాదాలు. మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మహేంద్రగిరి

లెక్కల పుస్తకంలో గీసిందన్న బాధ ఉన్నవారికి ఒక మాట. రవీంద్రనాథ్ ఠాగూర్ రాతప్రతుల్లో కొట్టివేసిన చోట్లను గీతలతో కలుపుతూ పోతే అవి పక్షులూ జంతువులూ ముఖాలూ అయ్యాయి. ఆయన అరవై దాటాక చిత్రకారుడయ్యాడు, 1930లో పారిస్‌లో తొలి ప్రదర్శన జరిగింది. కొట్టివేతలు ఎక్కువగా ఉండే పుస్తకం లెక్కల పుస్తకమే కదా.

నాగావళి_గట్టు

అందరి మాటలూ రెండు మూడు సార్లు చదివాను. ఇప్పుడు ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. క్షమాపణ చెప్పాలా? తండ్రి కూతురికి క్షమాపణ చెప్పడం మా ఇంట్లో ఇంతవరకు లేదు. నిన్న అరవై రంగుల పెట్టె ఒకటి కొని తెచ్చి బల్ల మీద పెట్టాను. తను దాన్ని తీసుకువెళ్లి తమ్ముడికి ఇచ్చేసింది.

ఖాతా_చివరిపేజీ

ఇచ్చేస్తుంది మరి. రంగుల పెట్టె ఇస్తే "నల్లగా గీయకు" అని చెప్పినట్టే వినిపిస్తుంది. తనకు కావలసింది ఆ నల్ల గీతే అయి ఉంటుంది.

ఆకుపచ్చ_చీటీ

క్షమాపణ చెప్పండి, కానీ ఒక్క వాక్యంలో ముగించండి. "అందరి ముందూ నీ పుస్తకం తెరవకుండా ఉండవలసింది" అని చెప్పి వచ్చేయండి. ఆ వెంటనే "ఇప్పుడైనా చెప్పు" అంటే మాత్రం పాత కథే. బొమ్మలు పెట్టుకోవడానికి తనదంటూ ఒక చోటు ఉండనివ్వండి, అడగకుండా తెరవనని మాట ఇస్తే దాని మీద నిలబడండి. తన భద్రత గురించి భయం కలిగినప్పుడు మాత్రం ఆ మాటకు మినహాయింపు ఉంటుందని కూడా తనకు ముందే చెప్పండి. ఎప్పుడైనా తనే చూపిస్తే అర్థం అడగవద్దు, మెచ్చుకోవద్దు, "దీని గురించి ఏమైనా చెప్పాలని ఉందా?" అనండి. లేదంటే సరేననండి.

కిమిడి_కోట

ఆ వీడియో మా వదినగారికి కూడా పంపాను. ఆవిడ తన కొడుకు బొమ్మలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఇప్పుడు ఈ చర్చ కూడా పంపుతున్నాను.

సందేహాలరావు

ముందు వీడియో తీసేయమనండి కోటగారూ.

నాగావళి_గట్టు

పన్నెండు రోజుల తరవాత రాస్తున్నాను. ఆకుపచ్చ చీటీగారు చెప్పిన వాక్యం చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే చెప్పాను. తను తల ఊపింది, అంతే.

ఆ రాత్రి నా భార్య చెప్పిన సంగతి నన్ను కుదిపేసింది. ఆ బొమ్మల సంగతి ఆమెకు ఏడాదిగా తెలుసట. మార్గశిర లక్ష్మివారాల్లో ఎదురింటి ఒడియా వాళ్లు గుమ్మంలో ఝొటి, అంటే వాళ్ల పిండిముగ్గు, వేస్తుంటే, మా ఇంటి ముందు వీళ్లిద్దరూ ముగ్గు వేస్తూ ఉంటారు కదా, అప్పుడు కొద్ది కొద్దిగా మాట్లాడుతుందట. నాకెందుకు చెప్పలేదంటే "మీరు వెంటనే ఏదో ఒకటి చేసేస్తారని" అంది.

తలుపుల్లేని ఇంటి గురించి కూడా తెలిసింది. పక్క నుంచి చూసినట్టు ఇల్లు గీస్తే తలుపు ఏటవాలుగా ఎలా వేయాలో తనకు రావడం లేదట. వంకరగా వస్తోందని వదిలేసిందట. ఇది విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కానీ నోరు లేని ముఖం గురించి మాత్రం వాళ్లమ్మకు కూడా ఏమీ చెప్పలేదు. నెల రోజులుగా సరిగ్గా నిద్రపోవడం లేదని, తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చుంటోందని నాకు ఇప్పుడే తెలిసింది. 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడాం, జిల్లా ఆసుపత్రిలో చూపించమన్నారు. సోమవారం వెళుతున్నాం. వాళ్లమ్మ లోపలికి వెళుతుంది, నన్ను బయట కూర్చోమని తనే చెప్పింది.

ఆకుపచ్చ_చీటీ

మంచి పని చేశారు. మూడింటికి మెలకువ రావడం డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి, బొమ్మల కంటే ముందు అదే చెప్పండి. తను కావాలంటే తప్ప బొమ్మలు పట్టుకువెళ్లకండి.

గుణుపురం_మాష్టారు

ఏటవాలు తలుపు నేర్పడం నాకు చేతనైన పని. తను అడిగితేనే సుమా. అది కేవలం గీతల లెక్క, తన మనసు జోలికి నేను పోను.

నాగావళి_గట్టు

మాష్టారూ, నిన్న వాళ్లమ్మతో 4బి పెన్సిళ్లు కావాలందట. మా బజారులో హెచ్‌బీ తప్ప ఇంకేమీ లేవు. 4బి అంటే ఏమిటో కూడా నాకు తెలియదు.

గుణుపురం_మాష్టారు

మెత్తటి సీసం ఉండే పెన్సిల్. గట్టిగా అదిమితే బాగా నల్లగా పడుతుంది, తేలికగా పట్టుకుంటే బూడిదరంగు వస్తుంది. బాల్‌పెన్నులో ఆ తేడా రాదు, కాగితమే చిరుగుతుంది. మంచిదే అడిగింది.

బరంపురం_జరీ

ఇక్కడ దొరుకుతాయి. రాయగడ బస్సులో తెలిసిన కండక్టరు ఉన్నాడు, అతని చేత పంపిస్తాను. ఎన్ని కావాలి?

నాగావళి_గట్టు

డజను పంపమని రాయబోయి ఆగాను. తననే అడిగి చెబుతాను.